బ్యాక్‌స్పేస్ ఎవరి మాట వింటుంది? తొలి యూనిక్స్ పీసీలో స్టార్టప్, టెర్మినల్ సెట్టింగులు

క్లుప్తంగా: యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో సెట్టింగులు రెండు రకాలు. కొన్ని ఒక ప్రోగ్రాం నుంచి అది పుట్టించిన ప్రోగ్రాంకు వారసత్వంగా వెళ్తాయి. కొన్ని టెర్మినల్ (కీబోర్డూ తెరా కలిసి కంప్యూటర్‌తో మాట్లాడే చోటు) లైనునే అంటిపెట్టుకుని ఉంటాయి. 1985లో ఏటీ అండ్ టీ అమ్మిన యూనిక్స్ పీసీలో ఈ రెండూ ఒకే టేబుల్ మీద, ఒకే మనిషి చేతికి వచ్చాయి. ఇప్పటి లైనక్స్, మ్యాక్ యూజర్లను తికమక పెట్టే చాలా ప్రశ్నలకు మూలం ఆ అమరికలోనే ఉంది.

లైనక్స్ గానీ మ్యాక్ గానీ కొత్తగా వాడేవాళ్లకు తరచూ ఎదురయ్యే సమస్య ఒకటుంది. ఏదో టూల్ ఇన్‌స్టాల్ చేస్తారు. ఫలానా లైను డాట్ బ్యాష్ఆర్‌సీ అనే స్టార్టప్ ఫైల్లో పెట్టమని సూచన వస్తుంది. పెడతారు. ఒక విండోలో పనిచేస్తుంది, ఇంకో చోట చేయదు. ఎస్‌ఎస్‌హెచ్‌తో దూరపు సర్వర్‌లోకి వెళ్తే ఇంకో వింత: బ్యాక్‌స్పేస్ కొడితే అక్షరం చెరగదు, టోపీ గుర్తూ దాని పక్కన ఒక అక్షరమూ పడతాయి. ఏ ఫైలు ఎప్పుడు చదువుతారో, ఏ సెట్టింగ్ ఎక్కడ ఉంటుందో తెలియక నాలుగు ఫైళ్లలోనూ అదే లైను అతికించి ఊరుకునేవాళ్లే ఎక్కువ.

ఇదంతా ఎవరో అస్తవ్యస్తంగా డిజైన్ చేసినట్టు కనిపిస్తుంది గానీ, నిజానికి ప్రతి పొరకూ ఒకప్పుడు ఒక యజమాని ఉండేవాడు. ఆ యజమానులందరూ ఒక్కరే అయిపోయిన రోజుల్లోకి వెళ్తే సంగతి తేలిగ్గా అర్థమవుతుంది.

పదిమంది యంత్రం ఒక్కరి టేబుల్ మీదికి

అమెరికాలో 1956 నాటి కోర్టు ఒప్పందం వల్ల ఏటీ అండ్ టీ టెలిఫోన్ వ్యాపారం దాటి కంప్యూటర్లు అమ్మడానికి వీలుండేది కాదు. యూనిక్స్ పుట్టింది ఆ కంపెనీకి చెందిన బెల్ ల్యాబ్స్‌లోనే అయినా, దాన్ని మామూలు సరుకులా బజార్లో పెట్టలేకపోయింది. 1984 జనవరి 1న కంపెనీ ముక్కలయింది, దాంతో పాటు ఆ కట్టడీ పోయింది. మరుసటి ఏడాది మార్చిలో యూనిక్స్ పీసీ వచ్చింది. మోడల్ నంబర్ 7300. తయారు చేసింది కన్వర్జెంట్ టెక్నాలజీస్, అమ్మింది ఏటీ అండ్ టీ. తర్వాత పెద్ద హార్డ్ డిస్కుతో వచ్చిన రూపాన్ని 3బీ1 అన్నారు. చాలామంది ఇప్పటికీ మొత్తం కుటుంబాన్ని ఆ పేరుతోనే పిలుస్తారు.

లోపల 10 మెగాహెర్ట్జ్ మోటరోలా 68010 చిప్. మొదటి మోడల్లో 512 కిలోబైట్ల మెమరీ, 10 మెగాబైట్ల హార్డ్ డిస్క్. ఆకుపచ్చ అక్షరాల తెర, 720 చుక్కల వెడల్పు, 348 చుక్కల ఎత్తు. మూడు బటన్ల మౌస్. టెలిఫోన్ కంపెనీ సరుకు కాబట్టి మోడెం లోపలే ఉండేది, 1200 బిట్ల వేగంతో. ఆపరేటింగ్ సిస్టమ్ మాత్రం అసలు సిసలు యూనిక్సే: ఏటీ అండ్ టీ సొంత వెర్షన్ సిస్టమ్ ఫైవ్ రిలీజ్ 2 ఆధారంగా, కాలిఫోర్నియా యూనివర్సిటీ వాళ్ల బర్క్‌లీ యూనిక్స్ నుంచి కొన్ని సౌకర్యాలు కలుపుకుని తయారైంది.

దీనికి ముందు చిన్న యంత్రాల మీద యూనిక్స్ లేదని కాదు. మైక్రోసాఫ్ట్ 1980లోనే జెనిక్స్ అనే తన యూనిక్స్ రూపాన్ని ప్రకటించింది. అయితే జెనిక్స్ యంత్రం ఎక్కువగా ఆఫీసు మూలన ఉండి నలుగురైదుగురికి పంచిపెట్టే పెట్టె. యూనిక్స్ పీసీ ఉద్దేశం వేరు. గుమాస్తా టేబుల్ మీద ఉండాలి, మౌస్‌తో మెనూ నొక్కి పని చేసుకోవాలి. అందుకే యూజర్ ఏజెంట్ అనే మెనూ వాతావరణాన్ని పైన కప్పారు. తెర పై అంచున గడియారం, మెయిల్ గుర్తు. కావాలనుకున్నవాళ్లకు అడుగున షెల్, అంటే కొట్టిన కమాండ్లను నడిపే ప్రోగ్రాం.

ఇక్కడే అసలు మెలిక ఉంది. యూనిక్స్ స్టార్టప్ పద్ధతి ముగ్గురు మనుషులను ఊహించుకుని రాసింది. యంత్రాన్ని చూసుకునే అడ్మినిస్ట్రేటర్, కేబుళ్లూ మోడెంలూ బిగించే టెక్నీషియన్, లాగిన్ అయి పని చేసుకునే యూజర్. ఒక్కొక్కరికి ఒక్కో ఫైలు. యూనిక్స్ పీసీ కొన్నవాడు ఈ మూడు టోపీలూ తానే పెట్టుకోవాల్సి వచ్చింది. మనిషి ఒక్కడయ్యాడు గానీ ఫైళ్లు మాత్రం మూడుచోట్లే ఉండిపోయాయి.

స్విచ్ వేసిన దగ్గర్నుంచి డాలర్ గుర్తు దాకా

ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ లాంటి కెర్నల్ లేవగానే ఇనిట్ అనే ప్రోగ్రాంని నడుపుతుంది. దాని నంబర్ 1. యంత్రంలో మిగతావన్నీ దాని సంతానమే. ఇనిట్ ముందు ఈటీసీ డైరెక్టరీలోని ఇనిట్‌ట్యాబ్ ఫైలు చదువుతుంది. అందులో ఒక్కో లైనుకు నాలుగు గడులు, మధ్యలో కోలన్ గుర్తులు: పేరు, ఏ రన్ లెవెల్‌లో (యంత్రం ఏ స్థితిలో ఉన్నప్పుడు), ఏం చేయాలి, ఏ కమాండ్. బూట్‌వెయిట్ అని ఉంటే బూట్ అయ్యేటప్పుడు ఒక్కసారి నడిపి అది ముగిసేదాకా ఆగుతుంది. ఆర్‌సీ అనే స్క్రిప్టు ఇలాగే నడుస్తుంది. డిస్కు చెక్ చేయడం, మౌంట్ చేయడం (వాడకానికి జోడించడం), నిన్నటి తాత్కాలిక ఫైళ్లు ఊడ్చేయడం, ప్రింటర్ క్యూని లేపడం దాని పనులు. పొద్దున్నే దుకాణం తెరిచి, ఊడ్చి, లైట్లు వేసే మనిషి అనుకోవచ్చు. అడ్మినిస్ట్రేటర్ సొంత మార్పులు ఇక్కడ చేరతాయి.

రీస్పాన్ అని ఉంటే కథ వేరు. ఆ ప్రోగ్రాం చచ్చిన ప్రతిసారీ ఇనిట్ మళ్లీ పుట్టిస్తుంది. గెట్టీ అనే ప్రోగ్రాం నడిచేది ఇలాగే. యూనిక్స్ పీసీలో సీరియల్ పోర్టు పేరు టీటీవై000, ఫోన్ లైను పేరు పీహెచ్0. వాటి లైన్లు ఇనిట్‌ట్యాబ్‌లో రీస్పాన్‌లో ఉంటే ఆ తీగ అవతలివైపు నుంచి ఎవరైనా లాగిన్ కావచ్చు. పాత టెర్మినల్ ఒకటి తెచ్చి సీరియల్ పోర్టుకు తగిలిస్తే పక్క టేబుల్ వాళ్లు కూడా అదే యంత్రం మీద పని చేసుకోవచ్చు. అదే పోర్టుకు ప్రింటర్ తగిలించాలంటే రీస్పాన్ తీసేసి ఆఫ్ అని రాయాలి, తర్వాత ఇనిట్‌కు క్యూ అనే అక్షరం ఇచ్చి ఫైలు మళ్లీ చదవమనాలి. మరిచిపోతే గెట్టీ ప్రింటర్‌కు లాగిన్ అని పంపుతుంది, ప్రింటర్ ఆ మాటను శుభ్రంగా కాగితం మీద అచ్చు వేస్తుంది.

ఈ ఫైల్లో ఒక చిన్న తప్పు చాలా గొడవ చేస్తుంది. గెట్టీ దారి తప్పుగా రాస్తే అది పుట్టగానే చస్తుంది, ఇనిట్ మళ్లీ పుట్టిస్తుంది, మళ్లీ చస్తుంది. చివరికి మరీ తొందర తొందరగా పుడుతోందని ఇనిట్ తానే కన్సోల్ (యంత్రం సొంత తెర) మీద విసుక్కుంటుంది. కన్సోల్‌ లైనులోనే తప్పు పడితే ఆ యంత్రంలోకి వెళ్లే దారే మూసుకుపోతుంది. ఫ్లాపీతో బూట్ చేసి, హార్డ్ డిస్కు మౌంట్ చేసి, ఆ ఒక్క లైను సరిదిద్దాలి. పాతకాలపు అడ్మినిస్ట్రేటర్లు ఇంకో సెషన్ తెరిచి ఉంచుకుని గానీ ఇనిట్‌ట్యాబ్ ముట్టుకునేవాళ్లు కాదు.

గెట్టీ పని చూడ్డానికి చిన్నదే. లైను తెరవడం, వేగం సరిచేయడం, లాగిన్ అని అడగడం. ఏ వేగం, ఏ సందేశం అన్నది గెట్టీడెఫ్స్ అనే ఫైల్లో ఉంటుంది. ఒక్కో ఎంట్రీలో పేరు, లాగిన్‌కు ముందు సెట్టింగులు, తర్వాతి సెట్టింగులు, తెర మీద చూపాల్సిన మాట, చివర్లో తర్వాతి ఎంట్రీ పేరు. ఈ చివరి గడి ఎందుకంటే, ఫోన్ చేసినవాడి మోడెం ఏ వేగంతో మాట్లాడుతుందో గెట్టీకి తెలియదు. 1200తో మొదలుపెడుతుంది. అవతలివాడికి పిచ్చి గీతలు కనిపిస్తే బ్రేక్ కీ నొక్కుతాడు, గెట్టీ తర్వాతి ఎంట్రీకి, అంటే 300కు మారుతుంది. లాగిన్ బదులు ఆఫీసు పేరు కనిపించాలనుకున్నవాళ్లు మార్చాల్సిన గడి కూడా ఇందులోదే.

గెట్టీ తెలివి ఒక్కోసారి వికటిస్తుంది. పాత టెలిటైప్‌లలో పెద్దక్షరాలు మాత్రమే ఉండేవి. అందుకని ఎవరైనా లాగిన్ పేరును మొత్తం పెద్దక్షరాల్లో కొడితే, పాపం వీళ్ల దగ్గర చిన్నక్షరాల కీలు లేవు కాబోలు అని గెట్టీ అనుకుంటుంది. అక్కడి నుంచి తెరంతా పెద్దక్షరాలే. నిజమైన పెద్దక్షరానికి ముందు వాలుగీత పడుతుంది. కారణం క్యాప్స్ లాక్ పొరపాటున నొక్కుకుని ఉండటమే. లాగవుట్ అయి మళ్లీ వస్తే సరిపోతుంది. ఈ సంగతి తెలియనివాడు మాత్రం కీబోర్డు పాడైందనుకునేవాడు.

పాస్‌వర్డ్ సరిపోయాక లాగిన్ ప్రోగ్రాం ఈటీసీ పాస్‌డబ్ల్యూడీ ఫైల్లో ఆ యూజర్ లైను చూస్తుంది. ఏడు గడుల్లో చివరిది షెల్. బోర్న్ షెల్ బదులు కార్న్ షెల్ కావాలంటే మార్చాల్సింది అదొక్కటే. లాగిన్ షెల్‌ను పిలిచేటప్పుడు దాని పేరుకు ముందు ఒక చిన్న అడ్డగీత తగిలిస్తుంది. ఆ గీత చూసే షెల్‌కు తెలుస్తుంది, ఇది లాగిన్ షెల్ అని. అప్పుడే అది ముందు అందరికీ ఉమ్మడిగా ఉన్న ఈటీసీ ప్రొఫైల్, తర్వాత యూజర్ సొంత డాట్ ప్రొఫైల్ చదువుతుంది. గీత లేకపోతే చదవదు. ఇప్పటి మ్యాక్‌లో టెర్మినల్ తెరిచి ప్రాసెస్‌ల జాబితా చూసినా జెడ్‌షెల్ పేరుకు ముందు అదే గీత కనిపిస్తుంది.

చెరపడానికి హ్యాష్, కొట్టేయడానికి ఎట్

షెల్ వచ్చింది, డాలర్ గుర్తు (ఇక కమాండ్ కొట్టమనే సూచన, అంటే ప్రాంప్టు) పడింది. ఇక కీబోర్డు. యూనిక్స్ మొదట నడిచింది తెరల మీద కాదు, కాగితం చుట్టిన టెలిటైప్‌ల మీద. మోడల్ 33 టెలిటైప్ సెకనుకు 10 అక్షరాలు కొట్టేది. కాగితం మీద పడిన అక్షరాన్ని వెనక్కి వెళ్లి చెరపలేరు. అందుకని ఒక గుర్తు పెట్టుకున్నారు. # కొడితే ముందున్న అక్షరం లెక్కలోకి రాదు, @ కొడితే మొత్తం లైనే రద్దు. కాగితం మీద అన్నీ అలాగే ఉంటాయి, లోపల మాత్రం సరిదిద్దిన లైను వెళ్తుంది.

తెరలొచ్చాక కూడా సిస్టమ్ ఫైవ్ ఈ రెండు గుర్తుల్నే డిఫాల్ట్‌గా ఉంచింది. ఫలితం ఎలా ఉంటుందో చూడండి. సీ భాషలో ప్రోగ్రాం మొదటి లైనే ఇన్‌క్లూడ్ ముందు # తో మొదలవుతుంది. దాన్ని నేరుగా టెర్మినల్లో కొడితే ఆ గుర్తు చెరిపే ఆజ్ఞ అయిపోతుంది, ఫైల్లోకి చేరదు. ఈమెయిల్ చిరునామాల్లోకి @ వచ్చాక మరీ అన్యాయం. పేరు కొట్టి, @ కొట్టగానే అప్పటిదాకా కొట్టిందంతా గాలికి పోతుంది. ముందు వాలుగీత పెట్టి కొట్టాలని ఎవరైనా చెప్పేదాకా తెలియదు. పోనీ డిలీట్ కీ కొడదామా అంటే, సిస్టమ్ ఫైవ్‌లో ఆ కోడ్‌కు వేరే అర్థం: నడుస్తున్న ప్రోగ్రాంని ఆపేయ్ అని. ఒక్క అక్షరం సరిచేద్దామని నొక్కితే ప్రోగ్రామే పోయేది.

విరుగుడు ఎస్‌టీటీవై అనే కమాండ్. చెరిపే కీ కంట్రోల్-హెచ్ అని, లైను కొట్టేసే కీ కంట్రోల్-యూ అని, ఆపే కీ కంట్రోల్-సీ అని డాట్ ప్రొఫైల్‌లో ఒక్క లైను రాసుకుంటే బతుకు తేలికపడుతుంది. అప్పట్లో ఒకరి డాట్ ప్రొఫైల్‌ను ఇంకొకరు కాపీ చేసుకునేటప్పుడు ముందు వెతికేది ఈ లైనే.

ఇక్కడ గమనించాల్సింది, ఈ సెట్టింగ్ షెల్‌లో ఉండదు. కెర్నల్‌లోని టెర్మినల్ డ్రైవర్‌లో, ఆ ఒక్క లైనుకు సంబంధించిన పట్టికలో ఉంటుంది. ఎస్‌టీటీవై ఆ పట్టికను మార్చి తాను చచ్చిపోతుంది, మార్పు మాత్రం మిగులుతుంది. పాథ్ (కమాండ్లను ఎక్కడ వెతకాలో చెప్పేది), టెర్మ్ (టెర్మినల్ రకం చెప్పేది) లాంటి ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ తీరు దీనికి పూర్తిగా విరుద్ధం. అవి ప్రాసెస్‌తో, అంటే నడుస్తున్న ప్రోగ్రాంతో పాటే ఉంటాయి, పిల్ల ప్రాసెస్‌కు కాపీ అందుతుంది, తల్లికి మాత్రం వెనక్కి చేరవు. అద్దె ఇల్లు ఖాళీ చేసేటప్పుడు సామాను మనుషులతో వెళ్లిపోతుంది, గోడకు కొట్టిన మేకులు ఇంటికే ఉంటాయి. వేరియబుల్స్ సామాను, ఎస్‌టీటీవై సెట్టింగులు మేకులు.

వీఐ ఎడిటర్ మధ్యలో కూలిపోయినప్పుడు ఇది కళ్లకు కడుతుంది. ఎడిటర్ తన సౌకర్యం కోసం లైనును రా మోడ్‌లోకి (కొట్టిన ప్రతి కీ దిద్దకుండా నేరుగా అందే స్థితిలోకి) మార్చుకుంటుంది, పోయేటప్పుడు మళ్లీ సర్దుతుంది. సర్దకుండా చస్తే షెల్‌కు ఆ పాడైన లైనే మిగులుతుంది. కొట్టింది కనిపించదు, ఎంటర్ పనిచేయదు. అప్పుడు కంట్రోల్-జే, ఎస్‌టీటీవై సేన్, మళ్లీ కంట్రోల్-జే గుడ్డిగా కొట్టాలి. ఎంటర్‌కు బదులు కంట్రోల్-జే ఎందుకంటే, ఎంటర్ కీ పంపే కోడ్‌ను కొత్త లైనుగా మార్చే పని కూడా ఆ పాడైన పట్టికలోదే. లాగవుట్ అయితే గెట్టీ వచ్చి, కొత్త అద్దెవాళ్లు దిగే ముందు సున్నం వేయించినట్టు, మేకులన్నీ పీకేసి లైనును మళ్లీ మొదటికి తెస్తుంది.

ఈ తెర ఏ రకం?

టెర్మినల్‌కు ఇంకో ముఖముంది. కర్సర్‌ను ఎలా కదపాలి, తెర ఎలా తుడవాలి అన్నది ఒక్కో కంపెనీ టెర్మినల్‌కు ఒక్కో రకం. కంప్యూటర్ కంపెనీ డీఈసీ 1978లో తెచ్చిన వీటీ100 భాష ఒకటి, యూనిక్స్ పీసీ సొంత తెర భాష ఇంకొకటి. అందుకే టెర్మ్ అనే వేరియబుల్లో రకం పేరు పెట్టాలి. సొంత తెరకు ఎస్4 అని, తగిలించిన వీటీ100కు వీటీ100 అని. పేరు తెలిస్తే వివరాలు టెర్మ్‌ఇన్ఫోలో దొరుకుతాయి. బర్క్‌లీ వాళ్ల టెర్మ్‌క్యాప్ ఒకే పెద్ద టెక్స్ట్ ఫైలు, ప్రతిసారీ మొదట్నుంచి వెతకాలి. సిస్టమ్ ఫైవ్ రిలీజ్ 2 దాన్ని ముక్కలు చేసి, ఒక్కో టెర్మినల్‌కు ఒక్కో కంపైల్ చేసిన ఫైలు, మొదటి అక్షరం పేరుతో ఒక్కో డైరెక్టరీ పెట్టింది.

ఒకే యూజర్ ఒకసారి సొంత తెర ముందు, ఒకసారి సీరియల్ టెర్మినల్ ముందు, ఒకసారి ఇంటి నుంచి మోడెంతో వస్తే డాట్ ప్రొఫైల్‌లో ఒకటే పేరు రాస్తే కుదరదు. అనుభవమున్నవాళ్లు టీటీవై కమాండ్‌తో ముందు ఏ లైను మీద ఉన్నారో కనుక్కుని, కేస్ స్టేట్‌మెంట్‌తో మూడు దారులు పెట్టుకునేవాళ్లు. విండో అయితే ఎస్4, టీటీవై000 అయితే వీటీ100, ఫోన్ అయితే ఏ టెర్మినలో అడుగు. ఆరేడు లైన్ల ఈ ముక్క డాట్ ప్రొఫైల్‌ను జాబితా స్థాయి నుంచి చిన్న ప్రోగ్రాం స్థాయికి తీసుకెళ్లింది.

విండోలతో మొదలైన చిక్కు

అప్పటిదాకా లాగిన్ అంటే ఒక తీగ, ఒక తెర, ఒక షెల్. డాట్ ప్రొఫైల్ లాగిన్‌కు ఒకసారి చదివితే చాలు, ఎందుకంటే లాగిన్ అయ్యాక దిద్దాల్సిన లైను అదొక్కటే. యూనిక్స్ పీసీలో విండోలు వచ్చాయి. కెర్నల్ దృష్టిలో ఒక్కో విండో ఒక్కో టెర్మినల్. మెనూ నుంచి కొత్త విండోలో షెల్ తెరిస్తే అది లాగిన్ షెల్ కాదు, పేరు ముందు గీత లేదు, డాట్ ప్రొఫైల్ చదవదు. పాథ్, టెర్మ్ తల్లి నుంచి వారసత్వంగా వస్తాయి కాబట్టి వాటికి లోటు లేదు. కానీ కొత్త విండో కొత్త ఇల్లు. మేకులు పాత ఇంట్లోనే ఉండిపోయాయి, ఇక్కడ లైను సెట్టింగులు డ్రైవర్ ఇచ్చినవే.

షెల్ ఫంక్షన్లదీ (యూజర్ సొంతంగా రాసుకునే చిన్న కమాండ్లదీ) అదే పరిస్థితి. రిలీజ్ 2 బోర్న్ షెల్‌లో ఫంక్షన్లు రాసుకోవచ్చు గానీ వాటిని పిల్ల షెల్‌కు పంపే దారి లేదు. దీనికి జవాబు అప్పటికే రెండుచోట్ల ఉంది. బర్క్‌లీ సీ షెల్‌లో డాట్ లాగిన్ వేరు, డాట్ సీషెల్‌ఆర్‌సీ వేరు. మొదటిది లాగిన్‌కు ఒకసారి, రెండోది ప్రతి షెల్‌కూ. బెల్ ల్యాబ్స్‌లో డేవిడ్ కార్న్ రాసి 1983లో ప్రకటించిన కార్న్ షెల్‌లో ఎన్వీ అనే వేరియబుల్ ఉంటుంది. అందులో ఏ ఫైలు పేరు పెడితే ప్రతి కొత్త షెల్ దాన్ని చదువుతుంది. ఏలియస్‌లు (కమాండ్లకు పెట్టుకున్న పొట్టిపేర్లు), ఫంక్షన్లు, ప్రాంప్టు అందులోకి వెళ్లాయి. ఒక్కసారి చాలినవి డాట్ ప్రొఫైల్‌లో మిగిలాయి. ప్రాంప్టులో ప్రస్తుత డైరెక్టరీ కనిపించాలన్న చిన్న కోరిక కూడా బోర్న్ షెల్‌లో తంటాయే. కార్న్ షెల్ ప్రాంప్టును ప్రతిసారీ కొత్తగా విప్పి చూస్తుంది కాబట్టి అందులో పీడబ్ల్యూడీ (ప్రస్తుత డైరెక్టరీ ఉండే వేరియబుల్) అని రాస్తే సరిపోయేది.

లైనక్స్‌లో మామూలుగా వాడే షెల్ బ్యాష్‌లోని డాట్ బ్యాష్‌ఆర్‌సీ, డాట్ బ్యాష్ ప్రొఫైల్ జంట ఈ ఆలోచనకు వారసులే. లైనక్స్ డెస్క్‌టాప్‌లో కొత్త టెర్మినల్ విండో మామూలుగా లాగిన్ కాని షెల్‌ను తెరుస్తుంది, డాట్ బ్యాష్‌ఆర్‌సీ చదువుతుంది. ఎస్‌ఎస్‌హెచ్‌తో వస్తే లాగిన్ షెల్, ప్రొఫైల్ చదువుతుంది. మ్యాక్ టెర్మినల్ మాత్రం ప్రతి విండోకూ లాగిన్ షెల్‌నే ఇస్తుంది. ఒకే లైను ఒకచోట పనిచేసి ఇంకోచోట చేయకపోవడానికి కారణం ఇదే.

డాస్ అంత తేలిగ్గా ఎందుకు లేదు

అదే రోజుల్లో డాస్ ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడిచే ఐబీఎం పీసీ కొన్నవాడికి ఈ తలనొప్పి లేదు. కాన్ఫిగ్ డాట్ సిస్, ఆటోఎగ్జెక్ డాట్ బ్యాట్, రెండే ఫైళ్లు. ఒకటి డ్రైవర్లకు, ఒకటి మిగతావాటికి. కీబోర్డూ తెరా యంత్రంలో భాగం, కాబట్టి ఏ రకం టెర్మినల్ అనే ప్రశ్నే రాదు. లాగిన్ లేదు, కాబట్టి ఎవరి సెట్టింగ్ అనే ప్రశ్నా లేదు. తప్పు రాస్తే ఫ్లాపీతో బూట్ చేయడం మాత్రం రెండింటికీ ఉమ్మడి.

సౌకర్యం దృష్ట్యా డాస్‌దే పైచేయి. అయితే ఫోన్ తీగ మీద రెండో మనిషి లాగిన్ కావాలంటే డాస్ దగ్గర జవాబు లేదు. యూనిక్స్ పీసీలో ఇనిట్‌ట్యాబ్‌లో ఒక లైను మారిస్తే చాలు. గుమాస్తాకు ఆ అవసరం లేదు, ధరేమో ఎక్కువ, మొదటి మోడల్ మెమరీ యూనిక్స్‌కు ఇరుకు. బజార్లో యంత్రం నిలవలేదు.

తెలుగు అక్షరం ఈ తీగ మీద నడిస్తే

అప్పటి సీరియల్ లైన్లు ఎక్కువగా 7 బిట్లవి. ఇంగ్లీషుకు 7 చాలు, 8వది తప్పులు పట్టే పారిటీకి. గెట్టీడెఫ్స్‌లో సేన్ అని రాస్తే సిస్టమ్ ఫైవ్‌లో వచ్చే సెట్టింగుల మూటలో ఐస్ట్రిప్ ఒకటి. వచ్చిన ప్రతి బైట్ నుంచి 8వ బిట్ కత్తిరించేయడం దాని పని. భారతీయ లిపుల కోసం 1991లో ప్రమాణంగా వచ్చిన ఇస్కీ కోడ్ అక్షరాలన్నీ ఆ 8వ బిట్ ఉన్న పై సగంలోనే ఉంటాయి. అంటే ఐస్ట్రిప్ ఉన్న లైను మీద తెలుగు, హిందీ ఏదీ బతికి బయటపడదు.

ఇప్పుడు అంతటా వాడే యూటీఎఫ్-8 కోడ్‌లో ఇంకా చిత్రంగా ఉంటుంది. క అనే అక్షరం మూడు బైట్లు. ఆ మూడింటి 8వ బిట్లూ తీసేస్తే మొదటిది వెనక్కి వాలిన కొటేషన్ గుర్తు, రెండోది సున్నా, మూడోది కంట్రోల్-యూ. అంటే ఇప్పటి డిఫాల్ట్‌లో లైను మొత్తం కొట్టేసే కీ. క అని కొడితే అప్పటిదాకా రాసిందంతా తుడిచిపెట్టుకుపోతుంది. లైనక్స్‌లో ఐస్ట్రిప్ ఆన్ చేసి క్యాట్ (కొట్టిన లైనును తిరిగి చూపే) కమాండ్ నడిపి చూస్తే ఇది ఇప్పుడు కూడా కనిపిస్తుంది.

బ్యాక్‌స్పేస్ సంగతి వేరు. డ్రైవర్ అసలు పద్ధతి ఒక బైట్ అంటే ఒక అక్షరం. మూడు బైట్ల క లో ఒక్కటి చెరిపితే మిగిలిన రెండూ చెత్త. 2004లో లైనక్స్ కెర్నల్‌లో ఐయూటీఎఫ్8 అనే సెట్టింగ్ చేర్చారు, దాంతో డ్రైవర్ మూడు బైట్లనూ కలిపి తీసేయడం నేర్చుకుంది. తెలుగుకు అది సగం వైద్యమే. కి అంటే క ఒక కోడ్, గుడి ఒక కోడ్. తెర మీద రెండూ కలిసి ఒకే గడిలో ఉంటాయి. బ్యాక్‌స్పేస్ ఒకసారి కొడితే డ్రైవర్ గుడిని తీసేస్తుంది గానీ, తెర మీద మాత్రం ఒక గడి వెనక్కి జరిగి తుడుస్తుంది. క కూడా పోయినట్టు కనిపిస్తుంది. ఎంటర్ కొడితే క బయటికొస్తుంది. క్యాట్ దగ్గరో, రీడ్ కమాండ్ ఉన్న స్క్రిప్టు దగ్గరో ఇది కనిపిస్తుంది. బ్యాష్ ప్రాంప్టు దగ్గర మాత్రం కాదు, ఎందుకంటే బ్యాష్ డ్రైవర్‌ను పక్కన పెట్టి లైను దిద్దే పనిని తానే చేసుకుంటుంది.

ఏవి పోయాయి, ఏవి మిగిలాయి

స్టార్టప్ భాగమే ఎక్కువ మారింది. చాలా లైనక్స్‌లలో ఇనిట్‌ట్యాబ్ స్థానంలో సిస్టమ్‌డీ అనే కొత్త తరం ఇనిట్ చదివే యూనిట్ ఫైళ్లు వచ్చాయి. కానీ వాటిలోనూ గెట్టీ పేరుతో ఒక సర్వీసు ఉంటుంది, చస్తే మళ్లీ పుట్టించమనే ఆజ్ఞ ఉంటుంది. రాస్‌బెర్రీ పై బోర్డుకు సీరియల్ కేబుల్ తగిలించి లాగిన్ అయ్యేవాళ్లు చేసేది టీటీవై000 మీద గెట్టీ పెట్టినవాళ్లు చేసిన పనే.

టెర్మినల్ భాగం దాదాపు అలాగే ఉంది. ఎస్‌ఎస్‌హెచ్ తనతో పాటు టెర్మ్ పేరును మోసుకెళ్తుంది. కొత్త టెర్మినల్ ప్రోగ్రాం పేరు పాత సర్వర్ టెర్మ్‌ఇన్ఫోలో లేకపోతే టెర్మినల్ రకం తెలియదని ఎడిటర్ మొరాయిస్తుంది. చెరిపే కీ గొడవ కూడా తెగలేదు. డీఈసీ 1983లో తెచ్చిన వీటీ220 తన చెరిపే కీతో డిలీట్ కోడ్ పంపింది, ఇంకొన్ని టెర్మినళ్లు కంట్రోల్-హెచ్ పంపేవి. లైనక్స్ వీటీ220 పక్షం తీసుకుంది. అవతలి యంత్రం ఇంకో పక్షంలో ఉంటే తెర మీద టోపీ గుర్తులు పడతాయి. అప్పుడు ఎస్‌టీటీవైకి చిన్న ఏ ఆప్షన్ ఇచ్చి చూస్తే ఇరేజ్ పక్కన ఏ కీ ఉందో కనిపిస్తుంది. కంట్రోల్-వీ కొట్టి, తర్వాత బ్యాక్‌స్పేస్ కొడితే కీబోర్డు ఏ కోడ్ పంపుతోందో తెలుస్తుంది. రెండూ వేరువేరుగా ఉంటే, ఎస్‌టీటీవై ఇరేజ్ అని కొట్టి, ఖాళీ వదిలి, మళ్లీ కంట్రోల్-వీ, బ్యాక్‌స్పేస్ కొట్టి ఎంటర్ నొక్కాలి. ఆ విండో మూసేదాకా అది పనిచేస్తుంది.